ఇంట్లోనే చీజ్ కర్రీ పఫ్: ఎయిర్ ఫ్రయర్‌లో పొరలు విచ్చుకునేటట్టు చేసుడెట్లా

ఎయిర్ ఫ్రయర్ కొత్తగ ఇంటికి తెచ్చుకున్నోళ్లు మొదాలు అందులో మిర్చి బజ్జీనో గారెలో వేసి చూస్తరు. పల్చటి పిండి జాలి సందుల్లోంచి కిందికి జారిపోతది, పైన మిగిలింది పొక్కులు పొక్కులుగ ఎండిపోతది. ఇది మనకు పనికిరాదని దాన్ని సజ్జ మీదికి ఎక్కిస్తరు. మా వాడలో అట్ల సజ్జ మీద కూర్చున్న మిషిన్లు చాలనే ఉన్నయి. వాటిని కిందికి దించండి. అందులో చెయ్యాల్సింది బజ్జీ కాదు, పఫ్.

ఎందుకంటే అది గోలించే మిషిన్ కాదు, చిన్న బట్టీ. పైన కాయిల్ ఎర్రగ కాగుతది, దాని వెనక ఫ్యాన్ తిరిగి ఆ వేడి గాలిని బుట్ట చుట్టూ జోరుగ తిప్పుతది. ఫిలిప్స్ కంపెనీ 2010లో ఈ పద్ధతిని ఇండ్లల్లోకి తెచ్చింది, ఇప్పుడు ఏ కంపెనీది కొన్నా లోపల జరిగే పని అదే. నూనెలో మునిగి ఉడకాల్సిన సకినాలు, గారెలు, బజ్జీలు మూకుడుకే వదిలేయండి. పఫ్ సంగతి వేరు. దానికి కావాల్సిన కొవ్వు పిండి పొరల మధ్యనే ఉంటది, బయటనుంచి కావాల్సింది పొడి వేడి ఒక్కటే. పిండిలోని నీళ్లు, బటర్‌లోని నీళ్లు ఆవిరై పొరను పైకి లేపుతయి, బటర్ ఒక పొరను ఇంకో పొరకు అంటుకోనియ్యదు. బేకరీ బట్టీలో జరిగేది ఇదే, మన వంటింటి గట్టు మీద కూడ ఇదే జరుగుతది.

నాకు దీని మీద ఇంత పట్టింపు రావడానికి కారణం మా అత్తమ్మ. మేముండేది హన్మకొండ నయీంనగర్‌లో. చుట్టూ కాలేజీలు, హాస్టళ్లు. సాయంత్రమైతే బేకరీల ముందు పిల్లలు గుంపులుగ నిలబడి కర్రీ పఫ్, చాయ్ తీసుకుంటుంటరు. అత్తమ్మ గుడ్డు ముట్టదు. అద్దాల అలమారలో ఎగ్ పఫ్, కర్రీ పఫ్ పక్కపక్కనే ఉంటయి, ట్రే ఒక్కటే, పైన మెరుపు పూసే బ్రష్షు ఒక్కటే. ఆ అనుమానంతోనే ఆమె బయటి పఫ్ తినదు. ఆమెకు ఆ రుచి ఇష్టమే, అందుకే ఇంట్లో చెయ్యాలె అనుకున్న. మనుమలతోటి కూర్చొని ఆమె కూడ ఒకటి చేతిలో పట్టుకుంటే ఆ సాయంత్రం పూట మా ఇంటి సందడే వేరు.

ఇంకో మాట ముందే చెప్పాలె. ఎయిర్ ఫ్రయర్‌లో చేసినం కదా, నూనె లేని తిండి అనుకోవద్దు. 12 పఫ్‌లకు 150 గ్రాముల బటర్ పడ్తది, అంటే ఒక్కోదానికి 12 గ్రాముల పైనే. ఇది రోజూ పెట్టే తిండి కాదు, ఆదివారం తిండి. అయితే మంచి బటర్, మంచి కూరగాయలు, మన కళ్లముందు చేసిన పని. బేకరీలల్లో ఎక్కువగ వాడే పఫ్ మార్జరిన్ 40 డిగ్రీలు దాటితే గని సరిగ్గ కరగదు, అందుకే తిన్నంక అంగిట్లో మైనం పూసినట్టు అంటుకుంటది. బటర్ 32 నుంచి 35 డిగ్రీలకే కరుగుతది, నోట్లో ఏమీ మిగలదు. ఆ తేడా మొదటి ముక్కకే తెలుస్తది.

కూర: తడి మిగలొద్దు

పఫ్ మెత్తగ, జిగటగ అయ్యిందంటే నూటికి తొంభైపాళ్లు తప్పు పిండిది కాదు, కూరది. లోపల తడి ఉంటే అడుగు పొర ఉడికిపోతది గని కాలదు. అందుకే అన్నింటికంటే ముందు కూర చేసి చల్లారబెట్టుకోవాలె.

12 పఫ్‌లకు ఆలుగడ్డలు పావుకిలో, పచ్చి మక్క గింజలు అర కప్పు, ఒక క్యారెట్, గుప్పెడు బీన్స్, సగం క్యాప్సికం, ఒక ఉల్లిగడ్డ, చిన్న అల్లం ముక్క, రెండు పచ్చిమిర్చి, కొత్తిమీర. పొడుల్లో జీలకర్ర, పసుపు, ధనియాల పొడి, చిటికెడు గరం మసాల, ఒక చెంచా చపాట కారం.

చపాట మిర్చి గురించి ఆగి చెప్పాలె. వరంగల్, ములుగు, భూపాలపల్లి దిక్కు పండే ఈ కాయ గుండ్రంగ ఉంటది, అందుకే దీన్ని టమాట మిర్చి అని కూడ అంటరు. రంగు మస్తు, ఘాటు తక్కువ. 2025లో దీనికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. పచ్చళ్లు పెట్టేటప్పుడు ఎరుపు కోసం మన ఇండ్లల్లో ఎప్పటినుంచో వాడుతనే ఉన్నరు. చీజ్ ఉన్న కూరకు ఇంతకంటే మంచి కారం లేదు. మామూలు కారం ఒక చెంచా వేస్తే చిన్నపిల్లలు నీళ్లకు ఉరుకుతరు, చపాట వేస్తే కూర ఎర్రగ కనబడ్తది, చీజ్ రుచి దాని కింద పోదు. ఎనుమాముల మార్కెట్ దిక్కు తెలిసినోళ్లుంటే కాయలే తెప్పించుకొని పట్టించుకోండి.

మక్క గింజలు కూడ అంతే. వానకాలంలో రోడ్డు పక్క కుప్పలు పోసి అమ్మే లేత కంకులు తెచ్చుకోండి. గోటితో గిచ్చితే పాలు రావాలె. గింజలు వలిచి, సగం అట్లనే ఉంచి, సగం రోట్లో కచ్చాపచ్చాగ దంచండి. ఆ పాలు ఉడికితే కూరను దగ్గరికి పట్టి ఉంచుతయి. ఆ సీజన్ కాకపోతే ఫ్రీజర్ స్వీట్‌కార్న్ వాడొచ్చు గని అది తియ్యగ ఉంటది, నీళ్లు కూడ వదుల్తది. ముందే పొడి గిన్నెలో వేడిచేసి ఆ నీళ్లు ఇగరగొట్టాలె.

ఆలుగడ్డలు తొక్కతోనే ఉడకబెట్టాలె, ముక్కలు కోసి ఉడకబెడితే నీళ్లు పీల్చుకుంటయి. తొక్క తీసినంక పళ్లెంలో పెట్టి ఆవిరి పోనియ్యండి. మెత్తగ పిసకొద్దు, చేత్తో చిదిమితే చాలు.

మూకుట్లో రెండు చెంచాల పల్లి నూనె పోసి జీలకర్ర, ఉల్లిగడ్డ, దంచిన అల్లం, పచ్చిమిర్చి వేసి గోలించండి. సన్నగ తరిగిన క్యారెట్, బీన్స్ వేసి వెంటనే ఉప్పు వెయ్యాలె. ఉప్పు మొదట్లనే పడితే కూరగాయల్లో నీళ్లు బయటికి వస్తయి, మంట మీదనే ఇగిరిపోతయి. చివర్లో ఉప్పు వేస్తే ఆ నీళ్లు పఫ్ లోపల బయటికొస్తయి. అయితే బటర్‌లో, చీజ్‌లో ఉప్పు ముందే ఉంటది, కాబట్టి మామూలుగ వేసేదాంట్లో సగమే వెయ్యండి. మూత పెట్టొద్దు. మంట పెద్దగనే ఉంచి కలుపుతుండాలె. తర్వాత మక్కలు, పొడులు, చిట్టచివరికి క్యాప్సికం, ఆలుగడ్డ. టమాట వెయ్యనే వద్దు. పులుపు కావాలంటే దించినంక ఆమ్‌చూర్ పొడి చల్లుకోండి. క్యాబేజీ వేసుకోవాలనుకుంటే సన్నగ తరిగి, ఉప్పు చల్లి పది నిమిషాలు పక్కకు పెట్టి, గుడ్డలో వేసి గట్టిగ పిండండి. గుప్పెడు క్యాబేజీ నుంచి చిన్న గ్లాసు అడుగు నిండే నీళ్లు కారుతయి. ఆ నీళ్లన్నీ లేకుంటే పఫ్‌లోకే పోయేటియి.

కూర అయ్యిందా లేదా చూడాలంటే గంటెతో మూకుడు అడుగున ఒక గీత గీయండి. ఆ గీత పూడిపోకుండ అట్లనే ఉండాలె, అడుగు పొడిగ కనబడాలె. కొంచెం తీసి అరచేతిలో ఒత్తండి, చెయ్యి తడిగ మెరిస్తే ఇంకా మంట మీద ఉంచాలె. టైం లేకుంటే ఒక చెంచా పుట్నాల పొడి కలపండి, అది తడిని లాగుతది, రుచిని చెడగొట్టదు. తర్వాత పళ్లెంలో పల్చగ పరిచి ఫ్యాన్ కింద పెట్టండి. పూర్తిగ చల్లగ అయ్యేదాక దాని జోలికి పోవద్దు. గోరువెచ్చని కూర పెడితే పిండిలోని బటర్ అక్కడికక్కడే కరుగుతది, ఇంక పొరలన్న మాట ఉండదు.

చీజ్‌కు పెద్ద ఆలోచన వద్దు. మామూలు ప్రాసెస్డ్ చీజ్ క్యూబులు, 25 గ్రాములవి నాలుగు. ఒక్కోదాన్ని మూడు ముక్కలు కోస్తే సరిగ్గ 12 ముక్కలైతయి. వాటిని ఇరవై నిమిషాలు ఫ్రీజర్‌లో పెట్టండి. చల్లటి ముక్క ఆలస్యంగ కరుగుతది, అప్పటికి చుట్టూ పిండి గట్టిపడి ఉంటది, కాబట్టి బయటికి కారదు. మొజరెల్లా తీగలు సాగుతది, చూడ్డానికి బాగుంటది గని నీళ్లు ఎక్కువ. ప్రాసెస్డ్ చీజ్‌లో కొవ్వును, నీళ్లను విడిపోనియ్యని లవణాలు కలుపుతరు, అందుకే ఎంత వేడికైనా నూనె తేలకుండ ముద్దగ కరుగుతది. పన్నీర్ ఎంత కాల్చినా కరగదు, అయినా పళ్ల కింద మంచిగ తగుల్తది. నేను కూరలో కొంచెం పన్నీర్ పొడి చేసి వేస్త. భీమదేవరపల్లి మండలంలో మహిళలే సభ్యులుగ నడిపే ములుకనూరు డైరీ పాలు మాకు దొరుకుతయి. అర లీటరు విరగ్గొట్టి, గుడ్డలో మూటగట్టి, బరువు కింద పెడితే ఈ పఫ్‌లకు సరిపోను పన్నీర్ వస్తది.

పిండి: చల్లదనమే సగం పని

మైదా 250 గ్రాములు, బటర్ 150 గ్రాములు, ఐస్ నీళ్లు 110 మిల్లీలీటర్లకు అటుఇటు, ఒక చిన్న చెంచా నిమ్మరసం, చిటికెడు ఉప్పు. నిమ్మరసం పిండిలోని సాగుడును తగ్గిస్తది, లేకుంటే పలకగ ఒత్తిన కొద్దీ వెనక్కి గుంజుకుంటది. మైదా వద్దనుకునేటోళ్లు 50 గ్రాముల వరకు గోధుమ పిండి కలుపుకోవచ్చు. అంతకు మించితే పొర బరువెక్కుతది.

మైదాను గిన్నెతో సహా గంటసేపు ఫ్రిజ్‌లో పెట్టండి. బటర్‌ను చిక్కుడు గింజంత ముక్కలు కోసి అది కూడ ఫ్రిజ్‌లోనే. పిండిలో బటర్ ముక్కలు వేసి పొర్లించి, ఒక్కో ముక్కను రెండు వేళ్ల మధ్య ఒకసారి అదిమి చప్పగ చేసి వదిలేయండి. చపాతీ పిండికి నెయ్యి పట్టించినట్టు రాయొద్దు, ముక్క ముక్కగనే ఉండాలె. ఐస్ నీళ్లల్లో నిమ్మరసం, ఉప్పు కలిపి కొద్ది కొద్దిగ చల్లుతూ దగ్గరికి తీసుకోండి. పిసకొద్దు. ముద్ద గరుకుగ, చెదిరిపోతున్నట్టు, మధ్య మధ్య పచ్చటి బటర్ మచ్చలతోటి కనబడ్తది. చూస్తే ఇదేం పిండి అనిపిస్తది గని ఇట్లనే ఉండాలె. కవర్‌లో చుట్టి అరగంట ఫ్రిజ్‌లో పెట్టండి.

ఒత్తడానికి వంటింటి గట్టు మించింది లేదు. మన దిక్కు చాలా ఇండ్లల్లో కరీంనగర్ గ్రానైటే ఉంటది. రాయి చల్లదనాన్ని పట్టి ఉంచుతది. ఒత్తే పది నిమిషాల ముందు ఒక స్టీల్ ట్రేలో ఐస్ ముక్కలు పోసి గట్టు మీద పెట్టండి, తర్వాత తీసి తడి లేకుండ తుడవండి. కొద్దిగ పొడి పిండి చల్లి, వెడల్పుకు మూడింతలు పొడుగుండేటట్టు ఒత్తండి. పైన మిగిలిన పొడి పిండిని బ్రష్షుతోటో పొడి గుడ్డతోటో దులిపేయాలె, అది లోపల ఉంటే పచ్చి వాసన వస్తది. ఇప్పుడు కిందినుంచి మూడో వంతు పైకి, పైనుంచి మూడో వంతు దాని మీదికి మడవండి. ముద్దను పక్కకు తిప్పి, మళ్లీ పొడుగ్గ ఒత్తి, మళ్లీ అట్లనే మూడు మడతలు. అరగంట ఫ్రిజ్. మళ్లీ ఇంకో రెండుసార్లు. నాలుగు మడతలు పూర్తయితే 3, 9, 27, 81 పొరలు. మొదటిసారి ఒత్తేటప్పుడు పిండి చిరుగుతది, మచ్చలు కనబడ్తయి, చేతికి అంటుకుంటది. మూడోసారికి అదే పిండి నున్నగ, మెత్తటి గుడ్డ తీరు వస్తది. ఆ మార్పు చేతికి తెలుస్తుంటే ఈ పని మీద ఇష్టం పెరుగుతది.

మధ్యలో ఎక్కడైనా బటర్ బయటికి కారుతున్నట్టు, పిండి మెరుస్తున్నట్టు అనిపిస్తే మొండికేసి ఒత్తొద్దు. ఉన్నదాన్ని ఉన్నట్టే పళ్లెంలో పెట్టి పదిహేను నిమిషాలు ఫ్రిజ్‌కు పంపండి. ఆఖరి మడత అయినంక గంటసేపు ఆగాలె. రాత్రి చేసి పెట్టుకొని తెల్లారి వాడితే ఇంకా మంచిది.

కోత, మడత

ముద్దను రెండు సగాలు చేసి ఒక సగం ఫ్రిజ్‌లోనే ఉంచండి. రెండో సగాన్ని 30 సెంటీమీటర్ల పొడుగు, 20 వెడల్పు కంటే కొంచెం పెద్దగ, మూడు నాలుగు మిల్లీమీటర్ల మందంతోటి ఒత్తండి. అంచులు నాలుగు వైపులా సన్నగ కోసి తీసేయాలె, మడత అంచు మూసుకొని ఉంటది కాబట్టి అది పైకి లేవదు. తర్వాత 10 సెంటీమీటర్ల చదరాలు ఆరు వస్తయి. కత్తి పదునుగ ఉండాలె, పైనుంచి నిలువుగ దించాలె. లాగుతూ కోస్తే కోసిన అంచులో పొరలు ఒకదానికొకటి అతుక్కుపోతయి. కోసిన ముక్కను పక్కనుంచి చూడండి, పొరలు సన్నటి గీతలుగ కనబడాలె. కనబడ్తున్నయంటే పఫ్ లేస్తదని లెక్క.

చదరంలో సగం మీద రెండు చెంచాల కూర, దాని మధ్యలో చీజ్ ముక్క, చీజ్ కనబడకుండ పైన ఇంకొంచెం కూర. అంచు నుంచి ఒక వేలెడు లోపలికి తడి వేలుతో సన్నగ గీత గీసి, రెండో సగాన్ని మడిచి ఆ గీత మీదనే ఒత్తండి. అంచును మాత్రం వదిలేయండి. చాలామంది ఫోర్కుతో అంచు పొడుగునా నొక్కుతరు, అట్ల నొక్కితే మనం కష్టపడి చేసిన 81 పొరలు అక్కడే నలిగిపోతయి. త్రికోణం కంటే ఈ పొడుగు ఆకారమే ఎయిర్ ఫ్రయర్‌కు మంచిది. త్రికోణం కొసలు పల్చగ ఉండి ఫ్యాన్ గాలికి పైకి లేచి మాడుతయి. పైన కత్తి కొసతో రెండు చిన్న గాట్లు పెట్టండి, ఆవిరి అక్కడికెళ్లి పోతది, లేకుంటే పక్కనుంచి పగిలి చీజ్ కారుతది. అన్నీ సిద్ధం చేసినంక ఇంకో ఇరవై నిమిషాలు ఫ్రిజ్‌లో.

గుడ్డు బదులు పైపూతకు రెండు చెంచాల పాలు, ఒక చెంచా మీగడ, చిటికెడు చక్కెర, ఇంతంత చపాట కారం కలపండి. పాలలోని ప్రోటీన్, చక్కెర వేడికి ఎర్రబడ్తయి, గుడ్డుకు వచ్చే రంగే వస్తది. పూత పై ముఖానికే పూయాలె, కోసిన అంచుల మీదికి కారితే పొరలు అంటుకొని లేవవు. నువ్వులు చల్లితే వేలితో మెల్లగ అదమండి, లేకుంటే ఫ్యాన్ గాలికి ఎగిరిపోయి కాయిల్ కింద మాడుతయి.

మిషిన్‌లో

ఎయిర్ ఫ్రయర్ 1400, 1500 వాట్లు తీసుకుంటది కాబట్టి పెద్ద పిన్నుల 16 ఆంపియర్ల ప్లగ్గుకే పెట్టండి, మామూలు ఎక్స్‌టెన్షన్ బాక్సుకు వద్దు. 190 డిగ్రీల మీద ఐదు నిమిషాలు ఖాళీగ వేడి చెయ్యాలె. చల్లటి బుట్టలో పఫ్ పెడితే పొర గట్టిపడక ముందే బటర్ కరిగి కిందికి కారుతది. వేడి చేసేటప్పుడు బటర్ పేపర్ ఒక్కటే లోపల పెట్టొద్దు, పైన బరువు లేకుంటే గాలికి లేచి కాయిల్‌కు తగిలి అంటుకుంటది. అసలు ఈ పఫ్‌లకు పేపర్ అక్కర్లేదు, జాలి రంధ్రాలు తెరిచి ఉంటేనే అడుగు కాలుతది. బుట్టకు బ్రష్షుతో కొంచెం నూనె రాస్తే చాలు.

నాలుగు లీటర్ల బుట్టలో నాలుగు పఫ్‌లు, మధ్యలో వేలెడు సందు. 180 డిగ్రీల మీద 11 లేదా 12 నిమిషాలు. మొదటి ఎనిమిది నిమిషాలు గుంజి చూడొద్దు, పొరలు నిలబడక ముందే చల్లగాలి తగిలితే కూర్చుంటయి. తర్వాత తిరగేసి 165 మీద ఇంకో ఐదు నిమిషాలు. ఈ తిరగెయ్యడం తప్పనిసరి, ఎందుకంటే కాయిల్ పైననే ఉంటది, అడుగుకు వేడి ఆలస్యంగ చేరుతది. బట్టీలో వేసే వంటకం ఏదైనా ఎయిర్ ఫ్రయర్‌లో వేసేటప్పుడు 20 డిగ్రీలు తగ్గించి పెట్టుకోండి, గాలి జోరుకు పైన తొందరగ రంగొస్తది.

టైం మీదనే ఆధారపడొద్దు. కరెంటు వోల్టేజీ తగ్గితే కాయిల్ వేడి ఇంకా ఎక్కువ తగ్గుతది. 230 ఉండాల్సింది 200 వస్తే వేడి దాదాపు నాలుగో వంతు పడిపోతది. మోటర్లు, కూలర్లు అన్నీ నడిచే పూట 17 నిమిషాల పని 22 నిమిషాలు పట్టొచ్చు. పఫ్‌ను పట్టుకారుతో లేపి చూడండి, సైజుకు తగ్గ బరువు కంటే తేలిగ్గ ఉండాలె. అడుగును గోటితో కొడితే టక్కున పొడి చప్పుడు రావాలె. పక్క పొరల మధ్య తెల్లటి తడి గీతలు కనబడితే ఇంకో మూడు నిమిషాలు. పైన ఎర్రబడి లోపల పచ్చిగ ఉంటుంటే మీ మిషిన్ కాయిల్ దగ్గరగ ఉన్నట్టు, తర్వాతి వాయిని మొదటినుంచి 165 మీదనే 20 నిమిషాలు పెట్టండి. వాయికీ వాయికీ మధ్య కింద గిన్నెలో కారిన బటర్ తుడవాలె, లేకుంటే పొగొస్తది.

తీసినంక పళ్లెంలో పెట్టొద్దు, అడుగున ఆవిరి పట్టి మెత్తబడ్తయి. జల్లెడ బోర్లించి దాని మీద పెట్టి ఐదు నిమిషాలు ఆగండి. చిన్నపిల్లలకు ఇచ్చే ముందు విరిచి చూపెట్టండి. పైన చల్లారినట్టు కనబడ్డా లోపల చీజ్ నాలుకను కాలుస్తది. తోడుకు పుదీన పచ్చడి, అల్లం చాయ్. టమాట సాస్ నాకు నచ్చదు, చపాట కారం రుచిని మింగేస్తది.

ఎండకాలంలో బటర్ వద్దు, సాటి పెట్టండి

ఏప్రిల్, మే నెలల్లో మన దిక్కు 42, 44 డిగ్రీలు కొట్టినప్పుడు బటర్‌తో కుస్తీ పట్టొద్దు. పొద్దుగాల ఐదింటికి లేచి చేసేటట్టయితే సరే, లేకుంటే ఖాజాలకు చేసే సాటి పద్ధతి మంచిది. సాటి అంటే నెయ్యి, బియ్యప్పిండి కలిపి గిలకొట్టిన ముద్ద. గోధుమ పిండి 150 గ్రాములు, మైదా 100 గ్రాములు, చెంచా నెయ్యి వేసి చపాతీ పిండి కంటే గట్టిగ కలపండి. పేరిన నెయ్యి నాలుగు పెద్ద చెంచాలు, బియ్యప్పిండి నాలుగు పెద్ద చెంచాలు తెల్లగ నురుగొచ్చేదాక గిలకొట్టండి. ఆరు పల్చటి చపాతీలు ఒత్తి, ఒక్కోదాని మీద ఈ సాటి రాసి, ఒకదాని మీద ఒకటి పేర్చి, గట్టిగ చుట్టి, ఇరవై నిమిషాలు ఫ్రిజ్‌లో పెట్టి, 12 ముక్కలు కొయ్యాలె. కోసిన ముఖం పైకి పెట్టి అరచేత్తో అదిమి గుండ్రంగ ఒత్తితే పైన చుట్లు చుట్లుగ పొరలు కనబడ్తయి. ఆ ముఖం బయటికి ఉండేటట్టు తిప్పి, కూర, చీజ్ పెట్టి, గరిజెల చెక్కలో పెట్టి మూసేయండి. బియ్యప్పిండి నెయ్యిని పట్టి ఉంచుతది కాబట్టి ఎండకు కారదు. పైన నూనె రాసి 175 మీద 14 నిమిషాలు, మధ్యలో ఒకసారి తిరగెయ్యాలె. బటర్ పఫ్ అంత ఎత్తు లేవదు, కరకర మాత్రం దానికంటే ఎక్కువ, నెయ్యి సగమంటే సగం. ప్రయాణాలకు ఇవే మంచివి. మా అత్తమ్మకు కూడ ఇవే ఎక్కువ ఇష్టం.

శనివారాలు, కార్తీక మాసంలో ఉల్లిగడ్డ లేకుండ చేస్త. అప్పుడు అల్లం కొంచెం ఎక్కువ, చిటికెడు ఇంగువ, కూరను పట్టి ఉంచడానికి ఒక చెంచా వేయించిన నువ్వుల పొడి.

దాచుకోవాలంటే

కాల్చినవి దాచుడు కంటే పచ్చివి దాచుడే మేలు. మడిచిన పఫ్‌లను పళ్లెంలో విడివిడిగ పెట్టి ఫ్రీజర్‌లో గట్టిపడనియ్యండి, తర్వాత కవర్‌లో వేసి గాలి తీసి మూతి కట్టండి. నెల రోజులు బాగుంటయి. చుట్టాలొస్తే బయట పెట్టి కరగనియ్యొద్దు, గడ్డకట్టినవి గడ్డకట్టినట్టే పూత పూసి 170 మీద 18 నుంచి 20 నిమిషాలు, ఎప్పటిలెక్కనే మధ్యలో తిరగేయండి. నిజానికి ఇట్ల చేసినవే ఇంకా బాగా లేస్తయి, బటర్ అంత చల్లగ ఉంటది కాబట్టి.

కాల్చినవి మిగిలితే పూర్తిగ చల్లారినంక డబ్బాలో పెట్టి ఫ్రిజ్‌లో ఉంచండి, తెల్లారి తినేయాలె. వేడి చెయ్యడానికి మైక్రోవేవ్ వాడొద్దు, కూరలోని తడి పొరల్లోకి ఎక్కి రబ్బరు తీరు సాగుతయి. ఎయిర్ ఫ్రయర్‌లోనే 155 మీద నాలుగు నిమిషాలు చాలు. స్కూల్ డబ్బాలో పెట్టేటట్టయితే పొద్దున వేడి చేసి, జల్లెడ మీద పది నిమిషాలు ఆరబెట్టి, అడుగున మడిచిన నూలు గుడ్డ వేసి పెట్టండి. న్యూస్‌పేపర్‌లో చుట్టొద్దు, బటర్ తగిలితే అందులోని సిరా తిండికి అంటుకుంటది.